నాన్న సంచి ఇంకా తలుపు పక్కనే ఉంది: శరణార్థిగా గడిచిన బాల్యం ఎంతకాలం వెంట వస్తుంది?

మూడోగది (ఆదివారం, రాత్రి 10:42)

నమస్తే అందరికీ. చాలాకాలంగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా నాన్నకు డెబ్బై దాటాయి. ఆరేళ్లప్పుడు ఇల్లు వదిలి కాలినడకన సరిహద్దు దాటారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు శిబిరాల్లోనే పెరిగారు. ఏ దేశం, ఏ సరిహద్దు అన్నది రాయను. ఆ దాపరికం నాది కాదు, ఆయనది. "మీది ఎక్కడ అని ఎవరైనా అడిగితే ఇప్పుడున్న చోటు చెప్పండి, అంతకుముందుది వద్దు" అని మాకు మాటలు వచ్చినప్పటి నుంచీ నేర్పారు. బడిలో ఫారం నింపేటప్పుడు తండ్రి పుట్టిన స్థలం అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయేది.

ఆయనకు తలుపు పక్కన ఎప్పుడూ ఒక సంచి ఉంటుంది. సర్టిఫికెట్లు, వాటి నకళ్లు మూడేసి, టార్చి, ఒక జత బట్టలు, ఇంకా ఏవో. మేం దాన్ని ముట్టుకోకూడదు. ఇంట్లో బరువైన సామాను కొననిచ్చేవారు కాదు, "మోయలేనిది మనది కాదు" అనేవారు. ఖాళీ అట్టపెట్టె ఒక్కటి కూడా పారేయనివ్వరు. ఏ గదిలోకి వెళ్లినా తలుపుకు ఎదురుగానే కూర్చుంటారు. ఇంకోటి చెప్పాలి. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు మేమంతా ఏడుస్తుంటే ఆయన ఒక్కరే నిబ్బరంగా అన్నీ చూసుకున్నారు. అదే మనిషి ఏదైనా ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు వస్తే చేతులు వణుకుతూ విప్పుతారు. పెద్ద గండానికి చలించని మనిషికి చిన్న కవరంటే అంత భయం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

అమ్మ పోయాక, కిందటేడు మా ఇంటికి తెచ్చుకున్నాను. పోయిన వారం ఇల్లు సర్దుతూ మా ఆయన ఆ సంచి తీసి అటక మీద పెట్టారు. చెడు ఉద్దేశం ఏమీ లేదు, కాలికి తగులుతోందని. నాన్న ఒక్క మాట అనలేదు. రెండు రాత్రులు కుర్చీలో కూర్చునే తెల్లవార్చారు.

ఇది జబ్బా? డాక్టర్‌కు చూపించాలా? ఇలాంటి వాళ్ల మధ్య పెరిగినవాళ్లు, లేదా స్వయంగా అనుభవించినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

సందేహరాయుడు (ఆదివారం, రాత్రి 11:15)

మూడోగది గారూ, జబ్బు అనుకోవడం దేనికి? జాగ్రత్త అనుకోవచ్చు కదా. నా అభిప్రాయం సూటిగా చెబుతాను, తిట్టకండి. కష్టపడ్డ బాల్యం మనిషిని గట్టిపరుస్తుంది. క్రొయేషియా ఫుట్‌బాల్ ఆటగాడు లూకా మోడ్రిచ్‌ను చూడండి. 1991లో యుద్ధంలో తాతను చంపేశారు, కుటుంబం ఇల్లు వదిలి జాదర్‌లో ఏళ్ల తరబడి హోటల్ గదుల్లో తలదాచుకుంది. ఆ పిల్లాడు అక్కడి పార్కింగ్ స్థలంలో బంతి ఆడుకుంటూ పెరిగి 2018లో ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాలర్‌కిచ్చే బాలన్ డోర్ గెలిచాడు. అల్ఫోన్సో డేవిస్ ఘానాలో శరణార్థి శిబిరంలోనే పుట్టాడు, ఇప్పుడు ప్రపంచంలో పేరున్న డిఫెండర్. మాడెలిన్ ఆల్‌బ్రైట్ పన్నెండేళ్లలోపు రెండుసార్లు దేశం వదిలిన పిల్ల, 1997లో అమెరికా తొలి మహిళా విదేశాంగ మంత్రి అయింది. దేశవిభజనలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని వచ్చిన మన పరుగుల వీరుడు మిల్ఖా సింగ్ సంగతి చెప్పక్కర్లేదు. వీళ్లందరినీ ఆ కష్టమే తయారుచేసింది.

అద్దంలోఅద్దం (సోమవారం, ఉదయం 6:50)

రాయుడు గారూ, మీరు గట్టుకు చేరినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి, నది ఈత నేర్పింది అంటున్నారు.

బలవంతంగా ఇళ్లు వదిలినవాళ్లలో దాదాపు 40 శాతం పిల్లలే. శరణార్థి యువతలో పైచదువుకు చేరుతున్నది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2023 నాటి లెక్క ప్రకారం 7 శాతం దగ్గర ఉండేది. అది కూడా 1 శాతం నుంచి పెరిగి పెరిగి ఇక్కడికి వచ్చింది. 2030కి 15 శాతం చేయాలన్నది వాళ్ల లక్ష్యం. మిగతావాళ్లలో ఎంతమంది మోడ్రిచ్‌లు బంతి దొరక్క ఆగిపోయారో మనకు ఎవరు చెబుతారు?

పైగా మీరు చెప్పిన పేర్లనే ఇంకోవైపు నుంచి చూడండి. ఆల్‌బ్రైట్ తన తాతలు, అమ్మమ్మ, నానమ్మల్లో ముగ్గురు యూదులుగా నాజీల చేతిలో చనిపోయారని తెలుసుకునేసరికి ఆమెకు 59 ఏళ్లు. పిల్లల్ని కాపాడుకోవడానికి తల్లిదండ్రులు ఆ సంగతే చెప్పలేదు. మిల్ఖా సింగ్ అప్పటికే పెద్ద ఛాంపియన్. అయినా 1960లో లాహోర్‌లో పరుగుకు పిలుపొస్తే ముందు వెళ్లనన్నారు, నెహ్రూ నచ్చజెప్పాక గానీ కదల్లేదు. పతకం మెడలో పడగానే లోపలున్నది పోదు. మూడోగది గారి నాన్న కూడా బయటివాళ్లకు 'గట్టి మనిషి' లాగే కనిపిస్తారు కదా.

నిదానం (సోమవారం, ఉదయం 9:30)

నేను మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తాను. మనిషిని చూడకుండా రోగనిర్ధారణ చేయను, కాబట్టి తెలిసిన సంగతులే చెబుతాను.

ముందుగా, ఆ సంచి ఈ రోజే కిందికి దింపండి. తర్వాత మాట్లాడుకుందాం.

ఇది జబ్బా అని అడిగారు. 1980ల్లో అమెరికాలోని ఓరెగాన్‌లో, నియంత పోల్ పాట్ కాలం నుంచి బతికి బయటపడిన 40 మంది కంబోడియా పిల్లల్ని పరిశీలించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలిశారు. మొదట చూసినప్పుడు దాదాపు సగం మందిలో పీటీఎస్‌డీ, అంటే పాత భయం పీడకలలుగా, ఉలికిపాటుగా తిరిగొచ్చే స్థితి ఉంది. కొందరిలో అది ఏళ్ల తర్వాత కూడా పోలేదు. విచిత్రం ఏమిటంటే వాళ్లలో చాలామంది చక్కగా చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు. గాయమూ సామర్థ్యమూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉంటాయి. పైన మీ ఇద్దరూ చేస్తున్న వాదన అందుకే తెగదు.

రెండోది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్‌లో పిల్లల మానసిక విశ్లేషకులు అనా ఫ్రాయిడ్, డోరతీ బర్లింగ్‌హామ్ పిల్లల కోసం నర్సరీలు నడిపారు. బాంబుల కన్నా తల్లి నుంచి విడిపోవడమే చిన్నపిల్లల్ని ఎక్కువ దెబ్బతీస్తోందని వాళ్లు గమనించారు. పిల్లలు యుద్ధాన్ని నేరుగా చూడరు, పక్కనున్న పెద్దల ముఖంలో చూస్తారు. మీ నాన్నగారితో ఆ నడకలో ఎవరున్నారో మీకు తెలుసా? చాలా విషయాలు దాని మీద ఆధారపడతాయి.

మూడోది, ముసలితనం. ఉద్యోగం, సంసారం, పిల్లల చదువులు ఉన్నన్నాళ్లూ మనిషి పనిలో పడి తిరుగుతాడు. రిటైరయ్యాక, భార్యో భర్తో పోయాక, ఇల్లు మారాక పాతవి పైకొస్తాయి. మీ నాన్నగారికి వీటిలో చివరి రెండూ జరిగాయి. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగితే, పీడకలలు వస్తుంటే, తిండి తగ్గితే, ఎక్కడున్నారో తికమక పడుతుంటే తప్పకుండా డాక్టర్‌ను కలవండి. సంచి ఉండటం ఒక్కటే అయితే అది లక్షణం కాదు, ఆయన పద్ధతి.

మూడోగది (సోమవారం, ఉదయం 9:58)

దింపేశాను. ఆయన చూశారు, ఏమీ అనలేదు. జిప్పు ఒకసారి తీసి, వేశారు.

జనవరిఒకటి (సోమవారం, రాత్రి 12:20)

రాయాలా వద్దా అని పగలంతా ఆలోచించాను.

నా పేరు చూసి నవ్వుకునే ఉంటారు. అది నా పుట్టినరోజు. అంటే, కాగితం మీద. మేం సరిహద్దు దాటినప్పుడు అమ్మ దగ్గర నా పుట్టిన తేదీకి రుజువు లేదు. రాసుకునే ఆయన సంవత్సరం అంచనా వేసి, జనవరి 1 అని వేసేశాడు. ఆ రోజు మా వరుసలో ఉన్న పిల్లల్లో సగం మంది జనవరి 1నే పుట్టారు. లోకంలో చాలా దేశాల్లో శరణార్థులకు ఇలాగే జరుగుతుందని తర్వాత తెలిసింది. తమాషాగా చెబుతాను గానీ, నా అసలు వయసు నాకు తెలియదు. ఒక ఏడాది అటో ఇటో.

సినిమాల్లో శరణార్థి అంటే పరుగు, పడవ, ముళ్లకంచె. మాకు ఆ పరుగు నాలుగు రోజులు. మిగతా ఆరేళ్లు ఎదురుచూపు. ఎవరూ దాని గురించి అడగరు, ఎందుకంటే చెప్పడానికి అందులో కథ లేదు. జాబితాలో పేరు వస్తుందని పొద్దున్నే వెళ్లడం, రాలేదని రావడం. ఐదేళ్లు దాటినా తేలని పరిస్థితిని ఐక్యరాజ్యసమితి వాళ్లు 'దీర్ఘకాలిక శరణార్థి స్థితి' అంటారు. పిల్లాడికి ఐదేళ్లంటే దీర్ఘకాలం కాదు, అదే మొత్తం జీవితం. నాకు ఇప్పటికీ 'వచ్చే ఏడాది' అన్న మాట నోట్లో తిరగదు. ఆఫీసులో ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నావు అని అడిగితే ఖాళీగా చూశాను. ఆశయం లేదనుకున్నారు. నాకు లేనిది ఆశయం కాదు, భవిష్యత్ కాలం.

కొత్త దేశానికి వచ్చాక మాట అందరికన్నా ముందు నాకే వచ్చింది. పదేళ్లకే ఇంటి దుబాసీని అయ్యాను. ఆసుపత్రిలో అమ్మకు గర్భం నిలవదని డాక్టర్ చెప్పిన మాట అమ్మకు చెప్పింది నేనే. ఆ పదానికి మా భాషలో ఏమంటారో నాకు తెలియక, వేరే మాటేదో చెప్పాను. అమ్మ నా ముఖం చూసి అర్థం చేసుకుంది. అక్కడి నుంచి మా ఇంట్లో పెద్ద ఎవరో, చిన్న ఎవరో తేడా పోయింది. నాన్న నన్ను తిట్టడం మానేశారు. తిట్టని తండ్రి ఎంత బాధో మీకు చెప్పలేను.

బడిలో నాకన్నా మూడేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టారు. టీచర్లు మంచివాళ్లే, బాగా మెచ్చుకునేవారు. అదీ ఒక బరువే. మెచ్చుకుంటున్నారు కాబట్టి తప్పు చేయకూడదు, అల్లరి చేయకూడదు, వద్దు అనకూడదు. ఎవరైనా ఏదైనా ఇస్తే నచ్చకపోయినా నవ్వాలి. నలభై ఏళ్లు వచ్చినా నాకు హోటల్లో తప్పు వంటకం తెస్తే చెప్పడం రాదు, తినేస్తాను.

సొంత ఇల్లు కొన్నాక ఎనిమిదేళ్ల వరకు గోడకు ఒక్క మేకు కొట్టలేదు. మా ఆవిడ అడిగీ అడిగీ వదిలేసింది. గోడ పాడవుతుందని సాకు చెప్పేవాడిని. ఒకరోజు మా అమ్మాయి బొమ్మ గీసి, టేపుతో అంటించి, అది కిందపడితే మళ్లీ అంటించి, మళ్లీ పడితే ఏడ్చింది. ఆ రోజు సుత్తి తెచ్చాను.

మూడోగది గారూ, కవరు సంగతి అడిగారు కదా. గండం వచ్చినప్పుడు ఏం చేయాలో మాకు తెలుసు. మమ్మల్ని కదిలించేది కాగితం. మా ఆరేళ్లు తేల్చింది తుపాకీ కాదు, ముద్ర.

మూడోగది (మంగళవారం, ఉదయం 7:05)

మేకు! మా ఇంట్లో పెళ్లిఫోటో కూడా అల్మారాలోనే ఉండేది. అమ్మ దాని గురించి ఒకటే గొడవ. ఇన్నేళ్లకు తెలిసింది.

మీ పోస్టు మూడుసార్లు చదివాను అన్నయ్యా. అలా పిలవచ్చనుకుంటాను.

జనవరిఒకటి (మంగళవారం, ఉదయం 7:40)

పిలవండి. వయసు ఖాయంగా తెలియదు గనక తమ్ముడినైనా కావచ్చు.

పదకోశం (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

మాటల పిచ్చివాణ్ణి, ఒక్క పిడకలవేట క్షమించండి. మన పాత తెలుగులో శరణార్థి కన్నా 'కాందిశీకుడు' ఎక్కువ వాడేవారు. పత్రికల్లో 'కాందిశీకుల శిబిరం' అని రాసేవారు. ఆ మాటలో దాగినది 'ఏ దిక్కుకు' అన్న ప్రశ్న. ఏ దిక్కుకు పోను అనుకుంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. శరణార్థి శరణు కోరేవాడు. రెండూ ఒకటి కావు. ఒకదానిలో కాళ్లున్నాయి, ఇంకోదానిలో చాచిన చేతులున్నాయి.

చట్టానికి తెలిసింది రెండోదే. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం కారణంగా పీడిస్తారన్న సహేతుకమైన భయంతో దేశం బయట ఉన్నవాడు శరణార్థి. మొదట అది 1951కి ముందు జరిగిన ఘటనలకే వర్తించేది, 1967 ప్రొటోకాల్‌తో ఆ హద్దు తీసేశారు. కొత్త దేశం పౌరసత్వం ఇచ్చి రక్షణ కల్పిస్తే ఆ హోదా ముగుస్తుందని అదే ఒప్పందంలో ఉంది. అంటే మూడోగది గారి నాన్న శరణార్థి కావడం ఎప్పుడో మానేశారు. కాందిశీకుడు కావడం మాత్రం ఏ కాగితమూ ఆపలేదు.

సందేహరాయుడు (మంగళవారం, మధ్యాహ్నం 3:25)

మేకు పోస్టు చదివాక నా మొదటి పోస్టు నాకే తేలికగా అనిపించింది. తీసేయను, ఉండనివ్వండి, జవాబులకు అర్థం ఉండాలి కదా.

కానీ ఒక అనుమానం మాత్రం నిజంగా ఉంది. ఒకే ఇంట్లో, ఒకే దారిలో వచ్చిన అన్నదమ్ములు ఒకేలా ఉండరు కదా. ఒకడు స్థిరపడతాడు, ఒకడు పడడు. ఎందుకు?

జనవరిఒకటి (మంగళవారం, రాత్రి 9:15)

మా చెల్లి అప్పుడు రెండేళ్ల పిల్ల. తనకు ఏదీ గుర్తులేదు. అందుకే అదృష్టవంతురాలు అని ఇంట్లో అందరం అనేవాళ్లం. ఒకసారి తను గట్టిగా అరిచింది, "మీకు పోయినదేంటో గుర్తుంది, నాకు అది కూడా లేదు" అని. నాకు కనీసం ఇంటి వెనక చెట్టు గుర్తుంది. తనకు మా ఏడుపులు మాత్రమే వచ్చాయి, చెట్టు రాలేదు.

నిదానం (మంగళవారం, రాత్రి 10:05)

రాయుడు గారి ప్రశ్న మంచిది. వయసు, ఏం చూశారు, ఎవరు పక్కన ఉన్నారు అన్నవి సరే. జనం పట్టించుకోనిది చేరుకున్న తర్వాతి కాలం. ఎన్నాళ్లు నిర్ణయం కోసం ఆపారు, నిర్బంధంలో ఉంచారా, ఎన్ని బళ్లు మార్చారు, ఇరుగుపొరుగు ఎలా చూశారు... ఇవి వెనక జరిగిన దానితో సమానంగా మనసును మలుస్తాయని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. గతాన్ని ఎవరూ మార్చలేరు. ఈ రెండోది మాత్రం ఆతిథ్యమిచ్చే దేశం చేతిలో ఉంది.

పిల్లల్ని క్షేమంగా పంపినా దానికీ మూల్యం ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫిన్లాండ్ దాదాపు 70 వేల మంది పిల్లల్ని స్వీడన్‌కు పంపింది. వాళ్లు చట్టప్రకారం శరణార్థులు కారు, మంచి ఇళ్లలోనే పెరిగారు. తిరిగొచ్చేసరికి చాలామంది ఫిన్నిష్ మర్చిపోయారు, తల్లితో మాట్లాడటానికి భాష లేదు. ఇంట్లోనే ఉండిపోయిన తోబుట్టువులతో వాళ్లను పోల్చి 2015లో ఒక అధ్యయనం వచ్చింది. మొత్తం మీద పెద్ద తేడా కనిపించలేదు గానీ, ఆడవాళ్లలో మాత్రం డిప్రెషన్ లాంటి సమస్యలతో ఆసుపత్రిలో చేరడం ఎక్కువగా ఉంది. 2018లో వాళ్ల పిల్లల మీద చూస్తే, అలా వెళ్లొచ్చిన తల్లుల కూతుళ్లలో కూడా ఆ ప్రమాదం కనిపించింది.

రెండోతరం (బుధవారం, ఉదయం 5:55)

ఆ కూతుళ్లలో ఒకదాన్ని నేను. ఫిన్లాండ్ కాదు లెండి.

మా అమ్మ శిబిరంలో పెరిగింది. నేను మంచి ఇంట్లో, నా గదిలో, నా మంచం మీద పెరిగాను. అందుకే నాకు ఏడ్చే హక్కు లేదు. పరీక్ష పోయిందని ఏడిస్తే "నీకేం కష్టం" అనదు మా అమ్మ, అంటే బాగుండేది. చిన్నగా నవ్వి తల నిమురుతుంది. ఆ నవ్వు ముందు నా బాధ ఎంత చిన్నదో నాకే తెలిసిపోతుంది. స్నేహితురాలు పోయినప్పుడు కూడా బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

అందరూ వాళ్ల మౌనం గురించి గౌరవంగా మాట్లాడతారు. మౌనం పక్కన పెరగడం ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. చెప్పని కథను పిల్లలు ఊహించుకుంటారు, ఊహ ఎప్పుడూ నిజం కన్నా భయంకరంగా ఉంటుంది. మూడోగది అక్కా, నాన్నను అడగండి. బతికుండగానే అడగండి.

నిర్వాహకుడు (బుధవారం, ఉదయం 11:00)

ఏ దేశం ఎవర్ని రానివ్వాలి అన్న గొడవతో వచ్చిన మూడు పోస్టులు తీసేశాం. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి.

నిదానం (బుధవారం, మధ్యాహ్నం 12:30)

రెండోతరం గారి బాధ అర్థమైంది. అడగడంలో ఒక చిన్న జాగ్రత్త మాత్రం చెబుతాను. "అప్పుడు ఏం జరిగింది" అని అడగకండి, శరణు కోరేటప్పుడు అధికారులు అడిగేది అదే ప్రశ్న. అక్కడ ఒక తేదీ తప్పితే అబద్ధం అంటారు. వస్తువు గురించి అడగండి. చెబితే వినండి, ఆపితే ఆగండి.

మూడోగది (శనివారం, రాత్రి 11:30)

ఆలస్యానికి క్షమించండి. ఈ రోజు అడిగాను.

"సంచిలో ఏమేం ఉండాలి నాన్నా, నాక్కూడా ఒకటి సర్దిపెట్టు" అన్నాను. కాసేపు నన్నే చూశారు. తర్వాత మంచం మీద పరిచారు. నేను అనుకున్నవి ఉన్నాయి, కాగితాలు, టార్చి, మందులు. ఆయన సర్టిఫికెట్లు ఒక పల్చటి కవరులో ఉన్నాయి. లావుపాటి ఫైలు మాది. నావి, మా ఆయనవి, బాబువి, టీకాల కార్డుతో సహా. మా ఆయన పక్కనే నిలబడి చూశారు. తర్వాత బయటికి వెళ్లిపోయి చాలాసేపు రాలేదు.

అడుగున ఒక జత పిల్లల బూట్లు ఉన్నాయి. కొత్తవి. మా బాబుకు ఎనిమిదేళ్లు, సరిగ్గా వాడి సైజు. ప్రతి పుట్టినరోజుకూ మారుస్తారట. వాడి పుట్టినరోజు పొద్దున్న ఆయన ఒక్కరే బయటికి వెళ్లొస్తారు, మేం ఏదో మొక్కు అనుకునేవాళ్లం.

ఎందుకని అడగలేదు, నిదానం గారు చెప్పినట్టే. ఆయనే చెప్పారు. నడిచేటప్పుడు ఆయన బూట్లు ఇరుకైపోయాయట. వాళ్లమ్మ ముందువైపు కోసి వేళ్లు బయటికి తీసిందట. "నాలుగో రోజుకు మా అమ్మ కాళ్లకు ఏమీ లేవు" అన్నారు. అంతే. మళ్లీ సర్దేశారు. మా నానమ్మ గురించి నా జీవితంలో నేను విన్న మొదటి వాక్యం అది.

జనవరిఒకటి (ఆదివారం, ఉదయం 6:10)

పాత జతలు ఏం చేస్తారో అడిగారా?

మూడోగది (ఆదివారం, ఉదయం 10:45)

ఇప్పుడే అడిగాను. పారేయనివ్వని అట్టపెట్టెల గురించి మొదటి పోస్టులో రాశాను కదా. ఆయన మంచం కింద ఉన్నవి ఖాళీవి కావు.